పోతు ఈగలే అనుకున్నాం

నేను కుట్టుపని నేర్చుకుందామని పోయి తేనెటీగలతో తిరిగొచ్చిన మనిషిని. వాకాడులో మహిళా సంఘాల వాళ్లకు శిక్షణలు ఇస్తున్నారంటే పేరు రాయించుకోవడానికి వెళ్లాను. కుట్టు జాబితా అప్పటికే నిండిపోయింది. తేనెటీగల జాబితాలో మాత్రం ఒక్క పేరు కూడా లేదు. రాసుకునే ఆయన నా వైపు చూసి, నేను అవుననో కాదనో చెప్పేలోపే నా పేరు రాసేసుకున్నాడు. మూడు రోజులు నేర్పారు. నాలుగో రోజు ఈగలతో సహా రెండు చెక్క పెట్టెలు, ఒక పొగ డబ్బా, ముఖానికి కట్టుకునే వల చేతికిచ్చి ఆటో ఎక్కించారు. మా ఊరు వచ్చేదాకా ఆటో అబ్బాయి తల బయట పెట్టే బండి నడిపాడు.

మా ఊరు వాకాడుకు తూర్పున, గాలి మళ్లితే సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. ఇంటి వెనక మాకు అర ఎకరం కొబ్బరితోట ఉంది. దాని కంచెకు అవతల వేరే వాళ్ల నిమ్మతోట. ఇంట్లో ముగ్గురం. నా భర్త కృష్ణపట్నంలో కంపెనీ బస్సు నడుపుతాడు. వారమంతా అక్కడే గదిలో ఉండి శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు. మిగిలిన రోజులు నేనూ మా అత్తా.

మా అత్త ముప్పై ఏళ్లు నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. ఆమె వీధి మొదట్లో కేకేస్తే చివరింటి వాళ్లు గిన్నె కడుక్కుని గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్లట. ఒకసారి దొడ్లోకి పాము వస్తే, "యాడికొస్తుండావు, పో అవతలికి" అని దాన్ని చీపురుతో కంచె దాకా సాగనంపడం నేను కళ్లారా చూశాను. అలాంటి మనిషి ఆటోలోంచి దిగిన పెట్టెల్ని చూడగానే బోరు పంపు వెనక్కి పోయి నిలబడింది.

"కుట్టు మిషను తెస్తానని పోయి, కుట్టే పురుగుల్ని తెచ్చినావా మే?" అంది అక్కడి నుంచే.

ఒక పెట్టెను ఇంటికి దగ్గరగా, మొదటి కొబ్బరిచెట్టు కింద పెట్టాను. రెండోదాన్ని ఇంకో ఇరవై అడుగులు లోపల, నిమ్మతోట కంచె పక్కన పెట్టాను. అత్త ఆ రోజు నుంచి ఆరేసిన బట్టలు తీయడానికి కూడా చుట్టు తిరిగి వెళ్లేది. పెట్టెల దగ్గర నేనేదైనా పని చేస్తుంటే పంపు దగ్గర నిలబడి, కళ్లు మాత్రం ఇటే పెట్టి, "జాగర్త మే, జాగర్త" అంటూ ఉండేది. ఏం చేస్తున్నానో ప్రతిదీ అడిగేది. పొగ ఎందుకు, ముఖానికి ఆ వల ఎందుకు, కత్తి ఏ పక్క నుంచి పెట్టాలి. భయం కొద్దీ అడుగుతోంది పాపం అనుకుని నేనూ అన్నీ వివరంగా చెప్పేదాన్ని.

పెట్టెలో రెండు అరలుంటాయి, అరల్లో ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలుంటాయి. పై అరలో పట్టిన తేనె మనం తీసుకోవచ్చు. కింది అరలో పిల్లలూ గుడ్లూ ఉంటాయి, అక్కడి తేనె వాటి తిండి, దాన్ని ముట్టకూడదు. పై అరలో కూడా వానలు పట్టే ముందు కొంచెం వదిలేయాలి. ఇది శిక్షణలో సారు మూడు రోజులూ చెప్పిన మాట. నేను పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ పుస్తకం ఎక్కడ పెట్టానో మాత్రం మరిచిపోయాను.

నిమ్మపూత వాసనకు మా ఈగలు పొద్దున్నే కంచె దాటి పోయేవి. దీపావళికి వారం ముందు రెండు పెట్టెల పై అరలూ తీసి చూస్తే తేనె బరువుకు నా మణికట్టు వంగిపోయింది. కొంచెం వదలాలని తెలుసు. కానీ మా అక్కకు ఒక సీసా అనుకున్నాను. అక్కకిచ్చి చెల్లికి ఇవ్వకపోతే బాగుండదు. సంఘంలో పదిమంది ఉంటే ముగ్గురికే ఇస్తే ఏం బాగుంటుంది? అలా ఒక్కో పేరు తలుచుకుంటూ ఒక్కో చట్రం ఖాళీ చేశాను. చివరికి ఎవరి పేరూ గుర్తు రాలేదు, తేనె కూడా మిగల్లేదు. కింద వాటి తిండి వాటికి ఉంది కదా అనుకుని మూత పెట్టేశాను.

దీపావళి పోయాక కార్తీకంలో మాకు చలి కంటే ముందు వాన వస్తుంది. మొదటి తుంపర పడిన మర్నాడు మొదటి పెట్టె ముందు పదీ పదిహేను ఈగలు చచ్చిపడి ఉన్నాయి. లావుగా, నల్లగా, కళ్లు పెద్దవిగా ఉన్నాయి. సారుకు ఫోన్ చేశాను.

"కంగారు పడకండమ్మా. లావుగా ఉన్నాయంటున్నారు కదా, అవి పోతు ఈగలు. పని చేయవు, తేనె తేవు, కుట్టడానికి ముల్లు కూడా ఉండదు. పూత తగ్గే కాలంలో వాటిని కూర్చోబెట్టి మేపడం దండగని ఆడ ఈగలే బయటికి ఈడ్చేస్తాయి" అన్నారాయన.

ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. పంపు వెనక నుంచి అత్త ఆ మాట విని మొదటిసారిగా పెట్టెల వైపు నాలుగడుగులు వేసింది.

"మొగోళ్ళనా? పని చేయకపోతే ఈడ్చి పారేస్తాయా?"

"అవునంట అత్తా."

"ఎంత బుద్ధి గల పురుగులు!" అంది. ఆ శనివారం నా భర్త వచ్చి మంచం మీద వాలి టీ అడిగితే, "లేసి నువ్వే పెట్టుకో నాయనా. వానాకాలం వొచ్చింది, రోంత జాగర్తగా ఉండు" అంది. ఆయనకేమీ అర్థం కాలేదు. అయినా లేచి ముగ్గురికీ టీ పెట్టాడు.

ఆ తర్వాత ముసురు పట్టింది. పగలూ రాత్రీ తేడా లేకుండా తొమ్మిది రోజులు. చేలల్లో నీళ్లు, వీధిలో నీళ్లు, వేటకు ఒక్క పడవా పోలేదు. ఈగలు గుమ్మం దాకా వచ్చి, వానను చూసి, మళ్లీ లోపలికి పోయేవి. రోజూ పొద్దున మొదటి పెట్టె ముందు చచ్చినవి ఉండేవి. నేను గొడుగు పట్టుకుని పోయి చీపురుతో ఊడ్చేదాన్ని. అత్త వరండాలోంచి, "ఈరోజు ఎంతమంది మొగోళ్ళు పోయినారు?" అని అడిగేది. "గుప్పెడు" అనేదాన్ని. మర్నాడు రెండు గుప్పెళ్లు. ఆ తర్వాత చేటకెత్తాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతమంది సోమరిపోతుల్ని ఇన్నాళ్లు ఎట్టా మేపినాయో అని అత్త ఆశ్చర్యపోయింది కూడా. ఒక్కసారన్నా వంగి వాటి ముఖం చూశానా అంటే, లేదు.

ఎనిమిదో రోజు చెప్పులు బురదలో ఇరుక్కుంటే వదిలేసి ఉత్త కాళ్లతో పోయాను. ఊడుస్తూ ఒకదాని మీద కాలు వేశాను. చచ్చిన ఈగే, కానీ అరికాల్లో సూది దిగినట్టు చుర్రుమంది. గొడుగు ఒక పక్క, చీపురు ఒక పక్క పడేసి ఒంటికాలి మీద గెంతుతూ వరండాలోకి వచ్చి పడ్డాను. అత్త నా కాలు ఒళ్లో పెట్టుకుని గోటితో ముల్లు తీసింది. తీసి, వేలి మీద పెట్టుకుని చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఏమ్మే, పోతులకి ముల్లుండదు అన్నాడే సారు?"

ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. కుంటుకుంటూ పోయి చేటలోవి తెచ్చి అరచేతిలో పోసుకుని చూశాను. అన్నీ సన్నవి. చారల నడుము, చిన్న కళ్లు. అన్నీ పని చేసే ఆడ ఈగలే. వారం రోజులుగా మేం నవ్వుకుంటూ ఊడ్చిపారేసింది వాటిని.

నాకు ముందు ఏడుపు వచ్చింది. ఏడుపు రెండు నిమిషాలే ఉంది. తర్వాత కోపం వచ్చింది, అది నిలబడింది. కోపానికి ఒక మనిషి కావాలి కదా. కంచె అవతల నిమ్మతోట కనపడింది. మందు కొట్టి ఉంటారు, ఇంకేముంది!

"పోయి అడిగొస్తా అత్తా."

మామూలుగా అయితే ఆ మాట నేను అనక్కర్లేదు, అత్తే ముందు లేచేది. నిమ్మతోట వాళ్లతో మాకు మాటలు లేవు. నేను కాపురానికి రాక ముందు వాళ్ల మేక మా కొబ్బరి మొక్కలు రెండు తినేసింది. ఆ మేక పోయి ఏళ్లయింది, మళ్లీ వేసిన మొక్కలు కాపుకు కూడా వచ్చాయి, కానీ అత్తకూ ఆ ఇంటి పెద్దమ్మకూ మధ్య మాట మాత్రం మొలవలేదు. గొడవకు దొరికిన సందును అత్త ఎందుకు వదులుకుంటుంది? కానీ ఆ రోజు ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోనీలేమ్మే. వాన్లో యాడికి పోతావు? కాలు కూడా వాచినాది."

"వాళ్లు మందు కొట్టారత్తా!"

"కొట్టలేదేమో."

"నీకెట్టా తెలుసు?"

"నాకెట్టా తెలుస్తాది? తెలీదు. అయినా పోవొద్దు."

నేను పక్క నుంచి దూరి పోయాను. గొడుగు గాలికి తిరగబడింది. కుంటుకుంటూ, తడిసి ముద్దయి, ఒక చేతిలో చచ్చిన ఈగల్ని పట్టుకుని వాళ్ల వరండా ఎక్కాను. పెద్దమ్మ కందులు చెరుగుతోంది. నన్ను చూసి గబగబా లేచి తుండు తెచ్చి తల మీద వేసింది.

"ఏందమ్మా ఈ వాన్లో! కూర్చో ముందు."

"కూర్చోడానికి రాలేదు పెద్దమ్మా. మీరు నిమ్మచెట్లకు ఏం మందు కొట్టారు? చూడండి, మా ఈగలన్నీ చచ్చిపోయాయి."

లోపల నుంచి ఆమె భర్త, పెద్దాయన వచ్చాడు. ఆయన నా అరచేతిలోకి చూసి, వసారా మూలకు పోయి స్ప్రే డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. డబ్బా మూత మీద సాలీడు గూడు కట్టి, ఆ గూట్లో హాయిగా కూర్చుని ఉంది.

"ఈ ముసుర్లో మందు కొడితే ఆకు మీద నిలస్తాదా తల్లీ? రెండు నెల్లయింది దీన్ని ముట్టి. అయినా మీ ఈగలు రాబట్టే ఈసారి కాయ బాగా నిలిచినాది. వాటికి మందు కొడతానా నేను?"

అరచేతిలోని ఈగల్ని కొంగులో మూటగట్టుకున్నాను. పెద్దమ్మ నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. "ఆయన దగ్గు కూడా మీ తేనెతోనే గదా తగ్గినాది. మీ అత్త తెచ్చియ్యబట్టి సరిపోయింది గానీ" అంది.

"మా అత్తా?"

పెద్దమ్మ నాలుక కరుచుకుంది. నేను ఆమె వెనక అల్మారా వైపు చూశాను. పై అరలో మా స్టీలు డబ్బా ఉంది. మూత మీద మా మామగారి పేరు, పక్కన చిన్న సొట్ట. నెల రోజులుగా ఆ డబ్బా కనపడటం లేదని నేను ఇల్లంతా వెతుకుతుంటే నాతో పాటు అత్త కూడా మంచాల కింద వెతికింది.

ఇంటికొచ్చేసరికి అత్త వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. నేను అడగక ముందే మొదలుపెట్టింది.

"చానా దగ్గుతున్నాడు మే ఆయన. కంచె ఈవల నాకే నిద్ర పట్టలేదు."

"నీకు ఈగలంటే భయం కదత్తా!"

"భయమే. అందుకే నా కొడుకు వాన కోటు ఏసుకున్నా."

"ముఖానికో?"

"బండి హెల్మెట్టు."

"ఎప్పుడు?"

"నువ్వు సంఘానికి పోయినప్పుడు. నువ్వు చెప్పినట్టే కొబ్బరిపీచు పొగ ఏసినా, నువ్వు చెప్పినట్టే ఆ పక్క నించి కత్తి పెట్టినా. పైన చూస్తే ఏం లేదు, అంతా నువ్వే ఊడ్చేసినావు. అందుకని కింద రోంత కోసినా." అక్కడ ఆగి, "రెండు తూర్లు" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాన కోటు, హెల్మెట్టు వేసుకుని, కత్తి పట్టుకుని, శత్రువు దగ్గు కోసం దొంగతనానికి పోయిన మా అత్తను తలుచుకుంటే ఇప్పటికీ అలాగే వస్తాయి.

మర్నాడు మధ్యాహ్నానికి వాన తెరిపి ఇచ్చింది. సాయంత్రం శనివారం బస్సు దిగి నా భర్త వచ్చేసరికి నేను మొదటి పెట్టె మూత తీసి నిలబడి ఉన్నాను. పొగ కూడా వేయలేదు. వేయాల్సిన అవసరం లేకపోయింది. లోపల చప్పుడే లేదు. కింది అర చట్రాల్లో అంతా ఖాళీ గదులు. ఆ గదుల్లోకి ఈగలు తలలు దూర్చి, తోకలు మాత్రం బయటికి పెట్టి, వరసగా చచ్చిపోయి ఉన్నాయి. అడుగున ఎక్కడన్నా చుక్క తేనె మిగిలిందేమోనని వెతుక్కుంటూ అలాగే ఉండిపోయాయి. రెండు అంచుల నుంచి చట్రాల్లోని పట్టు కత్తితో కోసి ఉంది. ఒక అంచున అత్త కోత కొంచెం వంకరగా ఉంది. రెండో అంచున కోత తిన్నగా ఉంది.

"రెండు పక్కలా కోసినావా అత్తా?"

"ఒక పక్కే మే! ఒట్టు!"

ఇద్దరం మెల్లగా వెనక్కి తిరిగి చూశాం. నా భర్త సంచీ ఇంకా కింద పెట్టలేదు.

"మా సూపర్‌వైజరు ఒకటే అడగడం, పల్లెటూరి తేనె తెమ్మని" అన్నాడు. "దీపావళి పోయినాక ఆదివారం మీరిద్దరూ సంతకు పోయినారు గదా. పైన ఏం లేకపోతే కింద కోసినా. ఎంత, అరచేతి మందం. అంతే."

"దగ్గర పెట్టెలోదేనా?"

"చీకటి పడుతుండె. అంత లోపలికి ఎవరు పోతారు?"

అత్త కూడా దగ్గర పెట్టెనే కోసింది. నేను రెండు పెట్టెల పై అరలూ ఊడ్చాను. అందరం ఎవరికి వాళ్లం కొంచెమే తీసుకున్నాం, అందరం ఇంకొకళ్ల కోసమే తీసుకున్నాం. తేనె తిన్నవాళ్లలో ఈగలు మాత్రం లేవు. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, "నోరు లేని పురుగులు" అంది. ఆమె గొంతు అంత సన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

రెండో పెట్టె మూత తీశాను. మధ్య చట్రం మీద రెండు గుప్పెళ్ల ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా ఉన్నాయి. ఊదితే సన్నగా జుమ్మన్నాయి. బతికే ఉన్నాయి. ఇంటికి ఇంకో ఇరవై అడుగులు దూరంగా ఉండబట్టి బతికిపోయాయి.

సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, "పైనా కిందా రెండూ కోశారా అమ్మా?" అని మాత్రం అడిగారు. తిట్టి ఉంటే బాగుండేది. పంచదార పాకం చేసి, చల్లార్చి, చిన్న మూతలో పోసి, ఈగలు మునిగిపోకుండా అందులో పుల్లలు వేసి లోపల పెట్టమన్నారు. పెట్టెను తడి తగలని చోటికి మార్చమన్నారు.

తడి తగలని చోటు మాకు లేదు. నిమ్మతోటలో పెద్దాయన మోటారు గది ఉంది. నేను పోయి అడగాలా అని ఆలోచిస్తుండగానే అత్త కంచె దగ్గరకు పోయి, చేపల గంప నాటి గొంతుతో కేకేసింది.

"ఏమక్కా! మీ మోటారు గది ఖాళీనేనా?"

అవతల నుంచి వెంటనే జవాబు వచ్చింది. "ఖాళీ చేస్తుండాం, తీసకరండి!"

ఊళ్లో ఆ సాయంత్రం వాన ఆగిన విషయం కంటే వీళ్లిద్దరూ మాట్లాడుకున్న విషయమే ముందు పాకింది.

నా భర్తా పెద్దాయనా కలిసి పెట్టెను ఊపకుండా మోసుకెళ్లి మోటారు గది చూరు కింద పెట్టారు. పాకం పని అత్త తీసుకుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటి రెండు రోజులు హెల్మెట్టు పెట్టుకునే పోయింది. మూడో రోజు అద్దం పైకెత్తింది. వారం తిరిగేసరికి హెల్మెట్టు ఇంట్లోనే ఉండిపోయింది. ఒకసారి వేలి మీద కుట్టించుకుని వచ్చి, "ఆకలి మీదుండాయి, తెలీక కుట్టినాదిలే" అని దాన్నే వెనకేసుకొచ్చింది. పెద్దమ్మ రోజూ ఆమె కోసం అక్కడ అరుగు మీద కూర్చునేది. పాకం పెట్టే పని ఐదు నిమిషాలు, వీళ్ల మాటలు రెండు గంటలు. ఇన్నేళ్ల బాకీ మాటలన్నీ అప్పుడే తీర్చుకున్నారు. మేక సంగతి కూడా వచ్చిందట. తప్పు మేకదేనని ఇద్దరూ ఒప్పుకున్నారట.

చచ్చిపోయిన ఈగల్ని నేను ఎక్కడా పారేయలేకపోయాను. కొబ్బరిచెట్టు మొదట్లో చిన్న గుంట తీసి పోశాను. మొదటి పెట్టెను వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. దాని ముందు నుంచి పోతుంటే చాలా రోజులు నాకు అటు చూడబుద్ధయ్యేది కాదు.

మాఘంలో నిమ్మ మళ్లీ పూసింది. ఒక ఆదివారం ఐదుగురం మోటారు గది దగ్గర చేరి మూత తీశాం. ఆ రెండు గుప్పెళ్ల ముద్ద చట్రాల నిండా పరుచుకుని ఉంది. పై అరలో కొత్త మైనం తెల్లగా మెరుస్తోంది. ఒక మూల తేనె నిండి గదులకు మూతలు కూడా పడ్డాయి. వాసనకు అందరి ముక్కులూ ముందుకు వంగాయి. నా భర్త వేలు దానంతటదే చట్రం వైపు పోయింది. అత్త ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఈ ఏడు తియ్యేది లేదు. మూత పెట్టు మే" అంది.

నేను మూత పెట్టాను. పెద్దమ్మ అందరికీ టీ తెచ్చింది, అందులో పంచదారే వేసింది. మేం తాగుతుంటే ఈగలు మా తలల మీదుగా నిమ్మచెట్లలోకి పోయి వస్తూనే ఉన్నాయి.